ఈఈఈనా, ఈసీఈనా? వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ర్యాంకు చేతికొచ్చాక ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్), ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్)ల మధ్య ఊగిసలాడేవాళ్లు ముందుగా అడిగేది ప్లేస్‌మెంట్ల గురించే. ఆ లెక్క కాలేజీని బట్టి, ఏడాదిని బట్టి మారిపోతూ ఉంటుంది. మారనిది ఒకటుంది: పట్టా మీద పడే బ్రాంచి పేరు. ఈఈఈ పట్టాతో ఎంబెడెడ్‌కి వెళ్లొచ్చు, చిప్ డిజైన్‌కి వెళ్లొచ్చు, సాఫ్ట్‌వేర్‌కి వెళ్లొచ్చు. కాస్త ఎక్కువ కష్టపడాలి, అంతే. ఈసీఈ పట్టాతో విద్యుత్ ప్రసార సంస్థ ట్రాన్స్‌కోలో ఎలక్ట్రికల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టుకు దరఖాస్తే పెట్టలేరు.

అందుకే మేం మొదట అడిగే ప్రశ్న వేరు. కరెంటు రంగం మీకు కావాలా, అక్కర్లేదా? చిప్‌లు, కమ్యూనికేషన్లే కావాలని గట్టిగా అనుకుంటే ఈసీఈ తీసుకోండి. కరెంటు రంగం కావాలన్నా, ఇంకా ఏదీ తేలలేదన్నా ఈఈఈ తీసుకోండి. తెలుగు రాష్ట్రాల్లో చాలా కాలేజీల్లో ఈసీఈ కటాఫ్ ముందే ముగిసిపోతుంది. దాంతో ఈఈఈ ఏదో తక్కువ సరుకన్న అభిప్రాయం ఇళ్లలో పాతుకుపోయింది. కటాఫ్ చెప్పేది ఆ సీటు కోసం ఎంతమంది ఎగబడ్డారన్నది మాత్రమే. చదువు బరువునూ, దాని విలువనూ అది చెప్పదు.

రెండింట్లో ఉమ్మడిగా ఉన్నదెంత

చాలామంది అనుకున్నదానికన్నా ఎక్కువే. సర్క్యూట్లు, అనలాగ్ ఎలక్ట్రానిక్స్, డిజిటల్ ఎలక్ట్రానిక్స్, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, కంట్రోల్ సిస్టమ్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ రెండు బ్రాంచీల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంటాయి. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నమూనా ప్రకారం నాలుగేళ్లకు మొత్తం 160 క్రెడిట్లు. అందులో మొదటి ఏడాది దాదాపు అందరికీ ఒకటే. రెండో ఏడాదిలో సగం సబ్జెక్టులు పోలికగా ఉంటాయి. అసలు చీలిక మూడో ఏడాదిలో కనబడుతుంది.

ఈఈఈలో ఎలక్ట్రికల్ మెషీన్స్, పవర్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్, స్విచ్‌గేర్ అండ్ ప్రొటెక్షన్, మెజర్‌మెంట్స్ వస్తాయి. ఈసీఈలో అనలాగ్, డిజిటల్ కమ్యూనికేషన్స్, యాంటెన్నాలు, మైక్రోవేవ్, డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్), వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) వస్తాయి. మైక్రోప్రాసెసర్లు ఇద్దరికీ ఉంటాయి, కాకపోతే ఈసీఈ వాళ్లకు లోతు ఎక్కువ.

బ్యాక్‌లాగ్‌లు ఎక్కడ పడతాయో ముందే తెలిసి ఉండటం మంచిది. ఈఈఈ వాళ్లను మెషీన్స్, ఫీల్డ్స్ ఇబ్బంది పెడతాయి. మెషీన్స్‌లో ఫార్ములాలు బట్టీ పట్టి, ఫేజర్ డయాగ్రమ్ గీయడం నేర్చుకోకపోవడమే దీనికి మూలం. ఆల్టర్నేటర్ మీద లోడ్ పెరిగితే వోల్టేజీ ఎందుకు పడిపోతుందో బొమ్మ గీసి చెప్పగలిగితే సబ్జెక్టు సగం వచ్చేసినట్టే. ఈసీఈ వాళ్లను పీటీఎస్‌పీ, ఈఎమ్‌టీఎల్ పడగొడతాయి. మొదటిది ప్రాబబిలిటీ, రెండోది ట్రాన్స్‌మిషన్ లైన్లు. ఇంటర్లో సంభావ్యత అధ్యాయాన్ని పైపైన చదివి దాటేసినవాళ్లకు పీటీఎస్‌పీ దగ్గర ఆ అప్పు వడ్డీతో సహా ఎదురవుతుంది. ఇంజినీరింగ్ మొదలయ్యేలోపు దొరికే సెలవుల్లో ఆ ఒక్క అధ్యాయం మళ్లీ చేసుకున్నా చాలా మేలు.

ఇంటర్ ఫిజిక్స్‌తోనే పరీక్షించుకోండి

ఆసక్తి ఎటుందో తెలియదనేవాళ్లు రెండు చిన్న లెక్కలు చేసి చూడండి. కాగితం, కాలిక్యులేటర్ చాలు.

మొదటిది ఏకాంతర విద్యుత్ ప్రవాహం నుంచి. 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్ సప్లైకి 30 ఓమ్‌ల నిరోధం, 40 ఓమ్‌ల ప్రేరక ప్రతిరోధం శ్రేణిలో కలిపారు. ఇంపిడెన్స్ 50 ఓమ్‌లు, కరెంటు 4.6 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.6. సప్లై నుంచి లాగేది 1058 వోల్ట్ ఆంపియర్లు, పనికొచ్చేది మాత్రం దాదాపు 635 వాట్లే. ఇప్పుడు ఈ లోడ్‌కి సమాంతరంగా సుమారు 51 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెడితే పవర్ ఫ్యాక్టర్ 1కి చేరుతుంది, లైనులో కరెంటు 4.6 నుంచి దాదాపు 2.8 ఆంపియర్లకు దిగుతుంది. లోడ్ చేసే పని మాత్రం తగ్గదు. వ్యవసాయ మోటార్లకు కెపాసిటర్ బిగించుకోమని డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) రైతులకు చెప్పేది ఇందుకే. లైన్లలో, ట్రాన్స్‌ఫార్మర్లలో వృథాగా తిరిగే కరెంటు తగ్గితే వేడి తగ్గుతుంది, మోటారు దగ్గర వోల్టేజీ నిలబడుతుంది. 51 ఎలా వచ్చిందో మీరే రాబట్టాలనిపించిందా? సబ్‌స్టేషన్‌లో ఇంత పెద్ద కెపాసిటర్ బ్యాంకులు ఎందుకున్నాయో తెలుసుకోవాలనిపించిందా? ఈఈఈ మీకు నచ్చుతుంది.

రెండోది ఎలక్ట్రానిక్స్ వైపు నుంచి. 1 కిలో ఓమ్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో లో పాస్ ఫిల్టర్ కడితే దాని కటాఫ్ ఫ్రీక్వెన్సీ సుమారు 1.6 కిలోహెర్ట్‌జ్. దానికి సరిగ్గా అదే ఫ్రీక్వెన్సీ గల స్క్వేర్ వేవ్ ఇస్తే బయటికొచ్చే తరంగం అంచులు గుండ్రబడతాయి. స్క్వేర్ వేవ్ లోపల 1.6, 4.8, 8 కిలోహెర్ట్‌జ్‌ల సైన్ తరంగాలు దాగి ఉంటాయి. ఫిల్టర్ మొదటిదాన్ని 70 శాతం వరకు పోనిస్తుంది, రెండోదాన్ని 32 శాతానికి, మూడోదాన్ని 20 శాతానికి నొక్కేస్తుంది. పదునైన అంచులు నిలబడాలంటే ఆ పై ఫ్రీక్వెన్సీలే కావాలి, అవి పోయాయి కాబట్టి అంచులు అరిగిపోయాయి. ఒక తరంగాన్ని ఇలా ముక్కలుగా చూడటం మీకు ఆనందాన్నిస్తే ఈసీఈలో నాలుగేళ్లూ హాయిగా గడుస్తాయి. ఈ లెక్క విసుగనిపిస్తే మాత్రం అక్కడ ప్రతి సెమిస్టర్లోనూ అదే విసుగు ఎదురొస్తుంది.

కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూడండి

బ్రాంచి ఎంపికలో అందరూ వదిలేసే పని ఇది. ఒకే ర్యాంకుకు రెండు కాలేజీలు వస్తుంటే తేడా బయటపడేది ల్యాబ్‌లోనే. భవనం, బస్సులు, హోర్డింగులు చూసి రాకండి. ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడిగి లోపలికి వెళ్లండి.

ఈఈఈ మెషీన్స్ ల్యాబ్‌లో మొదట కళ్లు వెళ్లాల్సింది వైర్ల మీదికి. ప్రతి టేబుల్ దగ్గరా కనెక్షన్లు ముందే బిగించి ఉంటే అక్కడ విద్యార్థులు స్విచ్ వేసి రీడింగులు రాసుకోవడమే నేర్చుకుంటారు. కనెక్షన్ తామే ఇచ్చుకునే చోటే చదువు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద చేసే ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ పరీక్షలనే తీసుకోండి. 3 కేవీఏ, 230/115 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ అనుకుందాం. ఓపెన్ సర్క్యూట్ పరీక్షలో 115 వోల్టుల వైపు పూర్తి వోల్టేజీ ఇచ్చి, రెండో వైపు ఖాళీగా వదిలేస్తారు. దీనికి ఎల్‌పీఎఫ్ (తక్కువ పవర్ ఫ్యాక్టర్) వాట్‌మీటర్ కావాలి. లోడ్ లేనప్పుడు పవర్ ఫ్యాక్టర్ చాలా తక్కువ కాబట్టి మామూలు యూపీఎఫ్ (పవర్ ఫ్యాక్టర్ 1కి తగిన) వాట్‌మీటర్ పెడితే ముల్లు దాదాపు కదలదు, ఐరన్ లాస్ విలువ తప్పొస్తుంది. షార్ట్ సర్క్యూట్ పరీక్షలో 115 వైపు షార్ట్ చేసి, 230 వైపు నుంచి వేరియాక్‌తో (వోల్టేజీని పెంచే, తగ్గించే పరికరం) సున్నా నుంచి మెల్లగా పెంచుతూ 13 ఆంపియర్ల దగ్గర ఆపాలి. అందుకు పది, పదిహేను వోల్టులు సరిపోతాయి. ముందు బ్యాచ్ వాళ్లు వేరియాక్‌ను సగంలో వదిలేసి వెళ్లారనుకోండి, స్విచ్ వేయగానే వంద ఆంపియర్లు దాటుతుంది, ఫ్యూజు పోతుంది. మీటర్ రేంజి చిన్నదైతే అదీ పోతుంది. ఈ రెండు పరీక్షలకు ఏయే వాట్‌మీటర్లు వాడతారు, ఎందుకు అని అక్కడున్న మూడో ఏడాది విద్యార్థిని అడగండి. తడుముకోకుండా చెప్పాడంటే ల్యాబ్ బాగా నడుస్తున్నట్టు.

డీసీ మెషీన్లు ఎన్ని ఉన్నాయని కాదు, ఎన్ని తిరుగుతున్నాయని అడగండి. డీసీ షంట్ మోటారు స్టార్ట్ చేసేటప్పుడు ఫీల్డ్ రియోస్టాట్ కనిష్ఠంలో ఉండాలి, అప్పుడే ఫీల్డ్ బలంగా ఉంటుంది. తిరుగుతుండగా ఫీల్డ్ తెగితే లోడ్ లేని మోటారు వేగం ప్రమాదకరంగా పెరిగిపోతుంది. గోడ మీద ఈ హెచ్చరిక ఉందా, టేబుల్ దగ్గర ఎమర్జెన్సీ స్విచ్ అందేలా ఉందా, నేల మీద రబ్బరు మ్యాట్ ఉందా చూడండి. ఇవి పిల్లల ప్రాణాలకు సంబంధించిన విషయాలు. తల్లిదండ్రులు మొహమాటపడాల్సిన పని లేదు.

ఈసీఈ ల్యాబ్‌లో లెక్క వేరు. ఒక ఆసిలోస్కోప్‌కి ఎంతమంది? ఇద్దరు ముగ్గురైతే మంచిది. ఆరుగురైతే ఒకరు చేస్తారు, ఐదుగురు రికార్డు రాస్తారు. ఎఫ్‌పీజీఏ (మనం రాసిన డిజిటల్ సర్క్యూట్‌ను నడిపి చూసే చిప్) బోర్డులు బీరువాలో ఉన్నాయా, టేబుళ్ల మీద ఉన్నాయా? వీఎల్‌ఎస్‌ఐ ల్యాబ్‌లో కేడెన్స్, సినాప్సిస్ లాంటి టూల్స్‌కి లైసెన్సు ఇప్పుడు నడుస్తోందా, ఎన్ని సిస్టమ్‌ల మీద? మొదటి ఏడాదిలో బ్రెడ్‌బోర్డు మీద ఎదురయ్యే తిప్పలు అన్ని చోట్లా ఒకటే. కొన్ని బోర్డుల్లో పవర్ వరుస మధ్యలో తెగి ఉంటుంది, ఒక సగానికే సప్లై అందుతుంది. ప్రోబ్ 10ఎక్స్‌లో ఉండి స్కోప్ 1ఎక్స్‌లో ఉంటే వోల్టేజీ పదో వంతే కనిపిస్తుంది. రెండు ప్రోబ్‌ల గ్రౌండ్ క్లిప్‌లను సర్క్యూట్‌లో వేర్వేరు చోట్ల తగిలిస్తే ఆ రెండు చోట్లూ స్కోప్ లోపల్నుంచి షార్ట్ అవుతాయి. ఈ మూడూ నేర్పే ల్యాబ్ అసిస్టెంటు ఉన్న కాలేజీ విద్యార్థుల అదృష్టం.

కోర్సు నాణ్యతకు ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు గురించి ఒక మాట. అది కాలేజీ మొత్తానికి ఇచ్చేది కాదు, బ్రాంచి వారీగా ఇచ్చేది, దానికి గడువూ ఉంటుంది. కాలేజీ బోర్డు మీద ఎన్‌బీఏ అని ఉంటే సరిపోదు. మీ బ్రాంచికి ఉందా, ఎప్పటిదాకా ఉందో ఎన్‌బీఏ వెబ్‌సైట్లోనే చూసుకోండి.

ప్రభుత్వ ఉద్యోగం మనసులో ఉంటే

ఇక్కడే రెండు బ్రాంచీల దారులు పూర్తిగా విడిపోతాయి. రెండు రాష్ట్రాల ట్రాన్స్‌కో, జెన్‌కో (విద్యుదుత్పత్తి సంస్థ), డిస్కంలలో ఏఈ పోస్టుల్లో పెద్ద వాటా ఎలక్ట్రికల్‌దే. వాటికి ఈఈఈ లేదా ఎలక్ట్రికల్ డిగ్రీ తప్పనిసరి. ఈసీఈ వాళ్లకు ఈ సంస్థల్లో టెలికాం లాంటి విభాగాల్లో కొద్ది పోస్టులే ఉంటాయి. పవర్‌గ్రిడ్, ఎన్‌టీపీసీ లాంటి కేంద్ర సంస్థలు ఎలక్ట్రికల్ విభాగానికి గేట్ (ఎంటెక్ ప్రవేశాలకూ వాడే జాతీయ పరీక్ష) ఎలక్ట్రికల్ స్కోరు అడిగినప్పుడు దానితోపాటు డిగ్రీ బ్రాంచినీ చూస్తాయి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. గేట్‌లో ఎవరైనా ఏ పేపరైనా ఎంచుకోవచ్చు, 2021 నుంచి రెండు పేపర్లు రాసే వీలూ ఉంది. దాంతో ఈసీఈ చదివి ఎలక్ట్రికల్ పేపర్ రాసి పవర్‌గ్రిడ్‌కి వెళ్లొచ్చనుకుంటారు. స్కోరు వస్తుంది, అర్హత రాదు. నోటిఫికేషన్లో విద్యార్హత పేరా ముందు చదవండి, తర్వాతే కోచింగ్ ఫీజు కట్టండి.

ఈసీఈకి తనవైన చోట్లున్నాయి. ఇస్రో ఎలక్ట్రానిక్స్ సైంటిస్టు పోస్టులు, డీఆర్‌డీఓ, బీఈఎల్ ఆ కోవలోవి. హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్, బీడీఎల్, డీఆర్‌డీఓకి చెందిన డీఎల్‌ఆర్‌ఎల్, ఆర్‌సీఐ ఉన్నాయి. రాడార్, క్షిపణి ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ మీద మనసున్నవాళ్లకు ఇంతకన్నా దగ్గరి ఊరు దొరకదు. ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్షలో రెండింటికీ విడివిడి విభాగాలున్నాయి: ఒకటి ఎలక్ట్రికల్, ఇంకొకటి ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్.

గేట్ పేపర్ నిర్మాణం రెండింటికీ ఒకటే: 100 మార్కుల్లో 15 జనరల్ యాప్టిట్యూడ్, 13 గణితం, 72 సబ్జెక్టు. ఎలక్ట్రికల్ పేపర్లో కూడా అనలాగ్, డిజిటల్ ఎలక్ట్రానిక్స్, సిగ్నల్స్ ఉంటాయి కాబట్టి ఈఈఈ విద్యార్థి ఎలక్ట్రానిక్స్‌ను పూర్తిగా వదిలేసే వీలే లేదు. ఆ చదువే తర్వాత చిప్‌ల వైపు మారాలన్నప్పుడు పనికొస్తుంది.

ఆడపిల్లలకు ఈఈఈ వద్దనే మాట ఇంకా వినిపిస్తోంది. దాన్ని పట్టించుకోకండి. రెండు రాష్ట్రాల నియామకాల్లోనూ మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ ఉంది. సబ్‌స్టేషన్ నిర్వహణ, రిలే టెస్టింగ్, లోడ్ డిస్పాచ్, డిజైన్ విభాగాల్లో ఇప్పటికే ఎందరో మహిళా ఇంజినీర్లు పనిచేస్తున్నారు. ఏఈ అంటే స్తంభమెక్కడం కాదు.

ప్రైవేటులో పరిస్థితి

హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్, మైక్రాన్, సినాప్సిస్ ఉన్నాయి. వీటిని చూసే ఈసీఈకి గిరాకీ. అయితే ఫ్రెషర్లను నేరుగా తీసుకునేటప్పుడు ఈ సంస్థలు కొన్ని కాలేజీలకే వెళ్తాయి. చాలా పోస్టులు ఎంటెక్ వాళ్లకు, ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లకు పోతాయి. మామూలు కాలేజీలో ఈసీఈ చేరి, చివరి ఏడాదిలో చిప్ కంపెనీ వస్తుందని ఎదురుచూడటం సరైన ప్రణాళిక కాదు. మూడో ఏడాది ముగిసేసరికి వెరిలాగ్‌లో (హార్డ్‌వేర్‌ను వర్ణించే భాష) ఒక యూఆర్ట్ (సీరియల్‌గా డేటా పంపే సర్క్యూట్) గానీ చిన్న ప్రాసెసర్ గానీ రాసి, దానికి టెస్ట్‌బెంచ్ కట్టి, ఎఫ్‌పీజీఏ మీద నడిపి చూపగలగాలి. సెటప్ టైమ్, హోల్డ్ టైమ్ అంటే ఏమిటో బొమ్మతో చెప్పగలగాలి. ఈ రెండూ వస్తే వేలకు వేలు పోసే ట్రైనింగ్ కోర్సుల అవసరం చాలామందికి ఉండదు.

ఈఈఈ ప్రైవేటు ఉద్యోగాల తీరు వేరు. సోలార్, సబ్‌స్టేషన్ నిర్మాణం, స్విచ్‌గేర్, డేటా సెంటర్ల విద్యుత్ వ్యవస్థలు, ఈవీలు. సైట్ ఉద్యోగమైతే మొదట్లో జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. ఇది ముందే తెలుసుకుని వెళ్లాలి. కానీ ప్రొటెక్షన్, కమిషనింగ్‌లో నాలుగైదేళ్లు నిలదొక్కుకున్నవాళ్లకు పని వెతుక్కుంటూ వస్తుంది, గల్ఫ్‌లో కూడా. కాళేశ్వరంలో 139 మెగావాట్ల పంపు మోటార్లున్నాయి, శ్రీశైలం ఎడమగట్టులో నీటిని వెనక్కి తోడగల 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. ఇలాంటి యంత్రాలను నడిపే మనుషుల అవసరం ఒక ఏడాదితో తీరేది కాదు.

పవర్ ఎలక్ట్రానిక్స్ రెండు బ్రాంచీలూ కలిసే చోటు. ఈవీ మోటార్ కంట్రోలర్, ఛార్జర్, బ్యాటరీ మేనేజ్‌మెంట్ ప్రైవేటులో ఈసీఈ వాళ్లకూ తెరిచే ఉన్నాయి. మైక్రోకంట్రోలర్ వైపు నుంచి వాళ్లు, కన్వర్టర్ వైపు నుంచి ఈఈఈ వాళ్లు వస్తారు.

ఇక చివరికి సాఫ్ట్‌వేరే అనుకునేవాళ్లకు బ్రాంచి తేడా నామమాత్రం. పెద్ద ఐటీ కంపెనీల క్యాంపస్ డ్రైవ్‌లకు ఇద్దరూ అర్హులే. అలాంటప్పుడు బ్రాంచి కోసం కాలేజీ స్థాయి తగ్గించుకోకండి. మెరుగైన కాలేజీలో ఈఈఈ వస్తే తీసుకుని, కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ చేయండి. అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చదవాలి.

పక్క బ్రాంచీలు, డిప్లొమా, విదేశాలు

ఈఐఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్) మంచి చదువే. ఫార్మా, రసాయన, రిఫైనరీ ప్లాంట్లలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీర్ లేనిదే రోజు గడవదు, గేట్‌లో దానికి విడి పేపరుంది. చిక్కంతా నోటిఫికేషన్లలో. బ్రాంచి పేరు జాబితాలో లేకపోతే తత్సమాన ధ్రువపత్రాల కోసం యూనివర్సిటీ చుట్టూ తిరగాలి. ఈసీఎం (ఎలక్ట్రానిక్స్ అండ్ కంప్యూటర్), ఇంకా కొత్త కొత్త పేర్లతో వస్తున్న బ్రాంచీలకూ ఇదే సమస్య. ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైతే పాత, సాదా పేరున్న బ్రాంచి తీసుకోవడమే క్షేమం.

పాలిసెట్ రాసి డిప్లొమా దారిలో వచ్చేవాళ్లు బ్రాంచిని మూడేళ్ల ముందే తేల్చుకోవాలి. డిప్లొమా వాళ్లు బీటెక్ రెండో ఏడాదిలో చేరేందుకు రాసే ఈసెట్‌లో 200 మార్కులకు 100 బ్రాంచి పేపరే. డిప్లొమా ఈఈఈకి ఇంకో లాభముంది: డిస్కంలలో సబ్ ఇంజినీర్ పోస్టులకు ఆ చదువే అర్హత.

ఎమ్మెస్‌కు అమెరికా అనుకుంటే అక్కడి చాలా యూనివర్సిటీల్లో రెండూ ఒకే డిపార్ట్‌మెంటులో ఉంటాయి. వాళ్లు చూసేది బ్రాంచి పేరు కాదు, అడిగిన సబ్జెక్టులు చదివారా లేదా అన్నది. జర్మనీలో సబ్జెక్టు వారీగా క్రెడిట్లు సరిపోల్చుతారు, కాబట్టి ప్రతి సెమిస్టర్ సిలబస్ పీడీఎఫ్ దాచుకోండి. 2022 నవంబర్ నుంచి మన విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ (చదువు పత్రాలు అసలైనవేనని తేల్చేది) కూడా తప్పనిసరి.

ఆప్షన్ల వరుస

ఒక కాగితం మీద కాలేజీలు నిలువుగా, ఈఈఈ, ఈసీఈ అడ్డంగా రాసుకోండి. ల్యాబ్ చూశాక నచ్చనివి కొట్టేయండి. మిగిలినవాటిని నిజంగా కోరుకునే వరుసలోనే పెట్టండి. గత ఏడాది కటాఫ్ చూసి, రాదేమోనని కోరుకున్నదాన్ని కిందికి తోయకండి. సిస్టమ్ పైనుంచి కిందికే వెతుకుతుంది, రానిదాన్ని పైన పెట్టడం వల్ల వచ్చేది పోదు. తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే మాత్రం పాతది దానంతటదే రద్దవుతుంది. అందుకని రెండో విడతలో చేతిలో ఉన్న సీటు కన్నా మెరుగైనవి మాత్రమే పెట్టండి. తెలంగాణలో చివర్లో ఇంటర్నల్ స్లైడింగ్ ఉంటుంది, అదే కాలేజీలో ఖాళీ ఉన్న బ్రాంచికి మారొచ్చు. కాలేజీ నచ్చి బ్రాంచి ఒక్కటే తేడా అయినవాళ్లు ఆ తేదీ రాసిపెట్టుకోండి. ఆప్షన్లు సేవ్ చేశాక ప్రింటు తీసి, కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ రెండూ వేలు పెట్టి సరిచూసుకోండి. ఈఈఈ, ఈసీఈ, ఈఐఈ కోడ్‌లలో తేడా ఒక్క అక్షరమే.